కాంపాక్ట్ కెమెరాలో ఆటోనా, మాన్యువలా? ఏ పని ఎవరికి అప్పగించాలి

కాంపాక్ట్ కెమెరా కొనాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "ఇందులో మాన్యువల్ ఉందా?" ఉంటే సీరియస్ కెమెరా, లేకపోతే ఆషామాషీ కెమెరా అనే లెక్క చాలామందిలో ఉంది. తీరా కొన్నాక డయల్ ఆటో మీదే ఉండిపోతుంది. మాన్యువల్ అనగానే అన్నీ మనమే సెట్ చేయాలన్న టెన్షన్ మొదలవుతుంది, ఈలోపు తీయాల్సిన క్షణం కాస్తా దాటిపోతుంది.

ఒక్క ఫోటో కోసం కెమెరా అరడజను నిర్ణయాలు తీసుకుంటుంది. షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంచాలి, అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎంత పెట్టాలి, ఐఎస్ఓ (వెలుతురుకి సున్నితత్వం) ఎంత పెంచాలి, దేని మీద ఫోకస్ చేయాలి, తెలుపు ఎలా కనిపించాలి, ఫ్లాష్ వేయాలా వద్దా. వీటన్నిటినీ మూటగట్టి కెమెరాకి ఇచ్చేయడమో, అన్నీ మన నెత్తిన వేసుకోవడమో అక్కర్లేదు. కెమెరా ఎక్కడ పొరబడుతుందో తెలిస్తే ఆ ఒక్క నిర్ణయం మన చేతిలోకి తీసుకుని మిగతావి దానికే వదిలేయొచ్చు. కాంపాక్ట్‌లో ఆ నిర్ణయం ఏదన్నది పెద్ద కెమెరాల లెక్కకి భిన్నంగా ఉంటుంది. పెద్ద కెమెరాల కోసం రాసిన పాఠాలు చదివి కాంపాక్ట్ వాడితే నిరుత్సాహం కలిగేది అందుకే.

ఆటోకి తెలిసింది, తెలియనిది

ఆటో ఎక్స్‌పోజర్ వెనక ఒక ఊహ ఉంది. మామూలు దృశ్యంలోని వెలుగునీడలన్నిటికీ సగటు తీస్తే మధ్యస్థమైన బూడిదరంగు వస్తుందని దాని నమ్మకం. చెట్లు, మనుషులు, గోడలు, కాస్త ఆకాశం కలగలిసిన ఫోటోలకి ఈ నమ్మకం బాగానే సరిపోతుంది. పైగా ఇప్పటి కెమెరాలు ఫ్రేమ్‌ని ముక్కలుగా చూసి లెక్క వేస్తాయి, ముఖాలు గుర్తుపడతాయి. పగటివేళ బయట తీసే ఫోటోల్లో ఎక్కువ భాగం ఆటోలో చక్కగానే వస్తాయి. మనం తలదూర్చి బాగుచేసేది అక్కడ పెద్దగా ఏమీ ఉండదు.

ఫ్రేమంతా నలుపో తెలుపో నిండినప్పుడు లెక్క తప్పుతుంది. నల్ల కుక్క ముదురు రంగు సోఫా మీద పడుకుని ఉందనుకోండి. బటన్ సగం నొక్కగానే కెమెరా ఇక్కడ వెలుతురు బాగా తక్కువ అనుకుంటుంది. ఐఎస్ఓ 1600 అంటుంది, షట్టర్ 1/30 సెకను అంటుంది. ఫోటోలో కుక్క బూడిదరంగుకి తిరుగుతుంది, బొచ్చు మీద నాయిస్ చుక్కలు కనిపిస్తాయి, తోక కదిలినచోట మసకబారుతుంది. ఇప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫోటోని వెలుగుగానో చీకటిగానో జరిపే +/- సదుపాయం) -1 చేసి మళ్లీ సగం నొక్కండి. వెలుతురు సగం చాలని కెమెరాకి చెప్పినట్టయింది. అది ఐఎస్ఓని 800కి దించుతుంది, లేదా షట్టర్‌ని 1/60కి పెంచుతుంది. నలుపు నలుపుగా పడుతుంది, నాయిస్సో వణుకో రెండిట్లో ఒకటి తగ్గుతుంది కూడా. ఒక్క మీట తిప్పితే జరిగిన పని ఇది.

మంచు, పొగమంచు, తెల్లగోడ ముందు తెల్లచొక్కా వేసుకున్న మనిషి అయితే ఇదే తలకిందులుగా చేయాలి. +1 నుంచి +1.7 దాకా పెంచితేనే తెలుపు తెల్లగా ఉంటుంది, లేకపోతే మురికిపట్టినట్టు వస్తుంది. ఇంకో సందర్భం, కిటికీకి వీపు పెట్టి కూర్చున్న మనిషి. ముఖం గుర్తుపట్టే సదుపాయం ఉంటే కెమెరా కొంత సర్దుకుంటుంది, లేకపోతే ముఖం నీడలో మునిగిపోతుంది. దానికీ +1 చాలు.

పూర్తి ఆటోకీ పి మోడ్‌కీ ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది. పైకి రెండూ ఒకటిగానే అనిపిస్తాయి, రెండిట్లోనూ షట్టర్, అపర్చర్ కెమెరాయే చూసుకుంటుంది. కానీ చాలా కాంపాక్ట్‌లలో పూర్తి ఆటోలో ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, వైట్ బ్యాలెన్స్ (తెలుపు ఎలా కనిపించాలన్నది), ఐఎస్ఓ, రా ఫైల్ (కెమెరా దిద్దని ముడి ఫైల్) వంటివి తాళం పడి ఉంటాయి. పి మోడ్‌లో అవన్నీ తెరుచుకుంటాయి, అయినా ముట్టుకోకపోతే ఆటోలాగే పనిచేస్తుంది. ఆటోలో మిగిలే లాభం సీన్ గుర్తింపు: చీకట్లో వరసగా కొన్ని ఫోటోలు తీసి కలిపి ఒకటి చేయడం, ఎదురు వెలుతురు ఉందని తనే పసిగట్టడం లాంటివి. చీకట్లో ట్రైపాడ్ లేకుండా కదలని దృశ్యం తీయాలంటే ఆ కలిపే మోడ్ మాన్యువల్ కన్నా మంచి ఫలితమే ఇస్తుంది, మొహమాటం లేకుండా వాడుకోండి. మిగతా రోజంతా డయల్ పి మీద ఉండటం మేలు.

అపర్చర్ మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు

మాన్యువల్ కావాలని అడిగేవాళ్లలో సగం మంది మనసులో ఉండేది వెనక భాగం మసకగా ఉన్న పోర్ట్రెయిట్. అపర్చర్ తెరిస్తే అది వస్తుందని విని ఉంటారు. మామూలు కాంపాక్ట్‌లో అలా జరగదు, కారణం సెన్సర్, అంటే వెలుతురుని పట్టే చిప్.

ఎక్కువ కాంపాక్ట్‌లలో ఉండే 1/2.3 అంగుళాల సెన్సర్ కొలత సుమారు 6.2 × 4.6 మి.మీ. పెద్ద కెమెరాల్లో ఉండే ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 × 24 మి.మీ., అంటే విస్తీర్ణంలో దాదాపు 30 రెట్లు పెద్దది. ఇంత చిన్న సెన్సర్ మీద అపర్చర్ ఎఫ్/2.8 (ఈ నంబర్ చిన్నదైతే రంధ్రం పెద్దది) పెడితే ముందూ వెనకా స్పష్టంగా ఉండే లోతు, ఫుల్ ఫ్రేమ్‌లో దాదాపు ఎఫ్/16 పెట్టినంత ఉంటుంది. అంటే అన్నీ స్పష్టమే. ఇక ఎఫ్/8కి మూస్తే లాభం లేకపోగా నష్టం, ఎందుకంటే చిన్న రంధ్రం గుండా వచ్చే వెలుతురు అంచుల దగ్గర వంగి చెదురుతుంది, ఫోటో మొత్తం కాస్త మెత్తబడుతుంది. కొన్ని సాదా కాంపాక్ట్‌లలో అసలు అపర్చర్ రెక్కలే ఉండవు. వెలుతురు ఎక్కువైతే దాన్ని తగ్గించే ఒక ఎన్‌డీ ఫిల్టర్‌ని లోపల అడ్డం పెడతాయి. స్క్రీన్ మీద ఎఫ్ నంబర్ రెండు రకాలుగా కనిపించినా లోతులో మార్పు రాదు.

కాబట్టి 1/2.3 సెన్సర్ ఉన్న కెమెరాలో ఎ మోడ్ (అపర్చర్ మనం పెట్టి షట్టర్ కెమెరాకి వదిలేసేది) ఉందా లేదా అన్నది నా దృష్టిలో కొనే నిర్ణయాన్ని మార్చాల్సిన విషయం కాదు. వెనక మసక కావాలంటే జూమ్ పెంచి, మనిషికి దగ్గరగా వెళ్లి, వెనక గోడకి దూరంగా నిలబెట్టి తీయాలి. ఎ మోడ్ చేసేదానికంటే ఆ మూడు పనులు ఎక్కువ చేస్తాయి.

సెన్సర్ పెద్దదయ్యేకొద్దీ లెక్క మారుతుంది. 2012లో వచ్చిన సోనీ ఆర్ఎక్స్100లో 13.2 × 8.8 మి.మీ. సెన్సర్ పెట్టారు. అంగుళం సెన్సర్ అని పిలిచేది దీన్నే, 1/2.3 కన్నా నాలుగు రెట్ల విస్తీర్ణం. దాని లెన్స్ వెడల్పు చివర ఎఫ్/1.8 వరకు తెరుచుకుంటుంది. ఫోర్ థర్డ్స్ సెన్సర్‌తో 2014లో వచ్చిన పానాసోనిక్ ఎల్ఎక్స్100, ఏపీఎస్-సీ సెన్సర్‌తో 2013లో వచ్చిన రికో జీఆర్ వంటివి ఇంకా పెద్ద సెన్సర్లతో ముందుకెళ్లాయి. ఇలాంటి కెమెరాల్లో అపర్చర్ తిప్పితే ఫలితం కంటికి కనిపిస్తుంది, ఎ మోడ్‌కి అర్థం ఉంటుంది.

షట్టర్, ఐఎస్ఓ: కాంపాక్ట్‌లో అసలు విలువ ఇక్కడ

చిన్న సెన్సర్‌కి వెలుతురు తక్కువ అందుతుంది. అందుకే సాయంత్రం ఇంట్లో తీసిన ఫోటోలు రెండు రకాలుగా పాడవుతాయి. షట్టర్ నెమ్మదించి మనుషులు మసకబారతారు, లేదా ఐఎస్ఓ ఎగిరి ముఖాలు మైనం పూసినట్టు వస్తాయి. ఈ రెండిటి మధ్య బేరం ఆటో ఎప్పుడూ ఒకే పద్ధతిలో కుదురుస్తుంది. అది చేయి వణకకుండా ఉంటే చాలనుకుంటుంది. ఎదురుగా ఉన్నది నిద్రపోతున్న పిల్లాడా, గంతులేస్తున్న పిల్లాడా అన్న తేడా చాలా కెమెరాలకి పట్టదు. ఇమేజ్ స్టెబిలైజేషన్ కూడా మన చేతి వణుకునే ఆపుతుంది, పిల్లాడి గంతుని ఆపలేదు.

అందుకే కదిలేవాటికి ఎస్ మోడ్ (షట్టర్ ఒక్కటే మనం పెట్టేది) పనికొస్తుంది, కానన్ వంటి కెమెరాల్లో దాన్నే టీవీ అని రాస్తారు. మాట్లాడుతున్న మనుషులకి 1/125, ఆడుకునే పిల్లలకి 1/250, పరుగుకి 1/500 దాకా పెట్టి మిగతాది కెమెరాకి వదిలేయండి. తిరగేసి జలపాతం నీరు దారాలుగా కనిపించాలంటే 1/4 సెకను, కెమెరా కదలకుండా ఏదో ఒకదాని మీద ఆనించాలి. పగటి వెలుతురులో ఇంత నెమ్మది షట్టర్ పెడితే ఫోటో తెల్లగా తేలిపోవచ్చు, లోపల ఎన్‌డీ ఫిల్టర్ ఉన్న కాంపాక్ట్‌లు ఇక్కడ అక్కరకొస్తాయి.

ఐఎస్ఓని ప్రతి ఫోటోకీ చేత్తో పెట్టాల్సిన అవసరం లేదు. ఆటో ఐఎస్ఓకి పైహద్దు పెట్టే వీలుంటే అది చాలు. 1/2.3 సెన్సర్‌కి 800 దగ్గర, అంగుళం సెన్సర్‌కి 3200 దగ్గర హద్దు పెట్టి చూడండి, తర్వాత మీ కంటికి నచ్చినట్టు సర్దుకోండి. కొన్ని కెమెరాల్లో ఆటో ఐఎస్ఓకి కనీస షట్టర్ స్పీడ్ కూడా చెప్పొచ్చు. "1/125 కన్నా కిందికి పోవద్దు, అవసరమైతే ఐఎస్ఓ పెంచుకో" అని ఒక్కసారి చెప్పి పెడితే పి మోడ్‌లోనే ఎస్ మోడ్ పని జరిగిపోతుంది. మెనూలో ఎక్కడో లోపల దాక్కున్న ఈ ఒక్క లైను కోసం నేను ఎం మోడ్‌ని (పూర్తి మాన్యువల్‌ని) వదులుకోమన్నా వదులుకుంటాను.

పూర్తి మాన్యువల్ నిజంగా కావలసిన చోట్లు

ఎం మోడ్ ఎప్పుడు వాడాలి అన్నదానికి నేను పాటించే నియమం చిన్నది: వెలుతురు స్థిరంగా ఉండి, ఫ్రేమ్‌లో ఉన్నవి మారుతున్నప్పుడు ఎం. వెలుతురే మారుతున్నప్పుడు ఆటో. మబ్బులు వచ్చిపోతున్న రోజున ఎం మోడ్‌లో తిరిగితే ప్రతి ఫోటోకీ డయల్ తిప్పుతూ ఉండాలి, తీసేదాని మీద ధ్యాస ఉండదు.

వేదిక మీద గాయని పాడుతోంది. వెనక నల్లటి తెర, ముఖం మీద స్పాట్‌లైట్. ఆటో ఆ నల్లతెరని చూసి వెలుతురు పెంచుకుంటూ పోతుంది. తెర బూడిదరంగులోకి వస్తుంది, ముఖం తెల్లటి మచ్చలా కాలిపోతుంది. ఆమె ఒక అడుగు పక్కకి జరిగితే ఫ్రేమ్‌లో నలుపు పాలు మారి మళ్లీ ఇంకో ఎక్స్‌పోజర్ వస్తుంది. వరసగా తీసిన ఫోటోలు ఒకదానితో ఒకటి పొంతన లేకుండా ఉంటాయి. ఎంలో ఎఫ్/2.8, 1/125, ఐఎస్ఓ 1600 పెట్టి ఒకటి తీసి చూడండి. ప్లేబ్యాక్‌లో ముఖం మీద తెల్లమచ్చ మెరుస్తుంటే షట్టర్‌ని 1/250కి మార్చండి, ముఖం చీకటిగా ఉంటే ఐఎస్ఓ పెంచండి. ఒకసారి కుదిరాక ఆ లైటు మారేదాకా మళ్లీ ముట్టుకోనక్కర్లేదు, ఆమె ఎటు తిరిగినా ముఖం ఒకేలా వస్తుంది. పాట పాటకీ లైట్లు మారే కార్యక్రమమైతే మాత్రం ఎస్ మోడ్‌లో 1/125 పెట్టి, కాంపెన్సేషన్ -1 చేసుకోవడం నయం.

రెండోది చంద్రుడు. ఎక్కువ జూమ్ ఉన్న కాంపాక్ట్ కొన్న ప్రతివాళ్లూ మొదటి వారంలో తీసేది చంద్రుణ్ణే. ఆటోలో వచ్చేది తెల్లటి గుండ్రటి బిళ్ల. చంద్రుడంటే ఎండ పడుతున్న రాతినేల, దానికి పగటి సెట్టింగులే కావాలి. ఐఎస్ఓ 100, ఎఫ్/5.6, షట్టర్ 1/250 నుంచి 1/500 మధ్య పెడితే నిండు చంద్రుడి మీది మచ్చలు బయటపడతాయి. ఎం లేకపోతే స్పాట్ మీటరింగ్ (ఒక చిన్న చోటి వెలుతురునే కొలిచేది) పెట్టి, చంద్రుణ్ణి సరిగ్గా మధ్యలో ఉంచి, అవసరమైతే కాంపెన్సేషన్ తగ్గించినా దగ్గరగానే వస్తుంది.

బాణసంచా, రాత్రి రోడ్డు మీద లైట్ల గీతలు, పక్కపక్కన తీసి అతికే పనోరమా కూడా ఈ కోవలోవే. పనోరమాకి ఎం మోడ్‌తో పాటు వైట్ బ్యాలెన్స్ కూడా ఒకచోట కట్టేయాలి, లేకపోతే అతుకుల దగ్గర రంగు తేడా కనిపిస్తుంది.

ఎంలో రెండు మెలికలు ఉన్నాయి. మొదటిది జూమ్. కాంపాక్ట్ లెన్సుల్లో జూమ్ చేసేకొద్దీ గరిష్ఠ అపర్చర్ తగ్గిపోతుంది. పైన చెప్పిన ఆర్ఎక్స్100లో వెడల్పు చివర ఎఫ్/1.8, జూమ్ చివర ఎఫ్/4.9. ఈ రెండిటి మధ్య వెలుతురు తేడా ఏడింతలకు పైనే. వెడల్పులో సెట్ చేసుకుని జూమ్ చేస్తే ఫోటో చీకటైపోతుంది, కెమెరా పాడైందనుకుంటారు. జూమ్ చేశాకే సెట్ చేయండి, లేదా మొదటినుంచీ రెండు చివరలా దొరికే ఎఫ్/5.6 లాంటి విలువ పెట్టండి. రెండోది ఆటో ఐఎస్ఓ. డయల్ ఎం మీద ఉన్నా ఐఎస్ఓ ఆటోలో ఉంటే వెలుతురు నిర్ణయం ఇంకా కెమెరా చేతిలోనే ఉంది. షట్టర్ మార్చినా ఫోటో వెలుగులో తేడా రావట్లేదంటే చాలాసార్లు కారణం ఇదే.

రాత్రిళ్లు స్క్రీన్‌ని చూసి ఎక్స్‌పోజర్ నిర్ణయించకండి. చీకట్లో స్క్రీన్ కాంతివంతంగా కనిపించి చీకటి ఫోటో కూడా బాగుందనిపిస్తుంది, ఎండలో మంచి ఫోటో కూడా చీకటిగా అనిపిస్తుంది. హిస్టోగ్రామ్ (వెలుగునీడల గ్రాఫ్) ఆన్ చేసుకుంటే అది కుడి అంచుకి గుట్టగా తగులుతోందా లేదా, అంటే ఫోటో తెల్లగా తేలిపోతోందా లేదా అన్నది ఏ వెలుతురులోనైనా తెలుస్తుంది.

ఫోకస్, రంగు, ఫ్లాష్

మాన్యువల్ ఫోకస్ కాంపాక్ట్‌లలో ఎక్కువగా బటన్లతోనో చిన్న రింగుతోనో మోటార్ ద్వారా జరుగుతుంది, నెమ్మదిగా ఉంటుంది. రోజువారీ వాడకానికి ఆటోఫోకసే నయం. కాకపోతే ఎక్కడ ఫోకస్ చేయాలో కెమెరాని ఎంచుకోనివ్వకండి. దానికి దగ్గరగా, కొట్టొచ్చినట్టు ఉన్నదే ఇష్టం. పువ్వు తీద్దామనుకుంటే ముందున్న ఆకు స్పష్టంగా వస్తుంది. మధ్యలో ఒకే చిన్న గడి పెట్టుకుని, దానిమీద బటన్ సగం నొక్కి పట్టుకుని, ఫ్రేమ్ సర్దుకుని తీయండి. మాన్యువల్ ఫోకస్ అవసరమయ్యేది జాలీ అవతల ఉన్న జంతువుకి, బాణసంచాకి, ట్రైపాడ్ మీద అతి దగ్గరి వస్తువులకి. రికో జీఆర్‌లో ఉన్న స్నాప్ ఫోకస్ లాంటిదైతే వీధి ఫోటోలకి బాగుంటుంది. దూరం ముందే 2.5 మీటర్లని పెట్టేస్తే నొక్కగానే ఫోటో పడుతుంది, ఫోకస్ కోసం ఆగడం ఉండదు.

వైట్ బ్యాలెన్స్ పగలు ఆటోలో వదిలేయండి. సూర్యాస్తమయానికి మాత్రం డేలైట్ లేదా క్లౌడీ పెట్టండి, ఎందుకంటే ఆ నారింజ రంగుని ఆటో ఒక లోపంగా భావించి దిద్దేస్తుంది. రా ఫైల్ తీసే కెమెరా అయితే ఈ బాధ లేదు, తర్వాత మార్చుకోవచ్చు.

ఫ్లాష్ విషయంలో నా సలహా గట్టిది: ఆటోలో ఎప్పుడూ ఉంచొద్దు. కాంపాక్ట్ ఫ్లాష్ కొద్ది మీటర్ల దాకానే చేరుతుంది. పెద్ద హాలులో వెనక వరసలో కూర్చుని ఫ్లాష్‌తో తీస్తే ముందువాళ్ల తలలు వెలుగుతాయి, వేదిక చీకటవుతుంది. ఎండలో నీడపడిన ముఖానికి మాత్రం ఫ్లాష్‌ని బలవంతంగా వేయండి. చాలా కాంపాక్ట్‌లలో షట్టర్ లెన్స్ లోపలే ఉంటుంది. పెద్ద కెమెరాలు మామూలుగా 1/200, 1/250 దగ్గర ఆగిపోతే ఇవి అంతకన్నా వేగంలో కూడా ఫ్లాష్‌ని కలపగలవు. చిన్న కెమెరా పెద్దదాన్ని మించే అరుదైన చోటు ఇది, ఎక్కువమంది వాడుకోరు.

కొనేటప్పుడు ఏది చూసి ఎంచుకోవాలి

ప్రయాణాల్లో, ఇంట్లో జ్ఞాపకాల కోసం తీసేవాళ్లకి, ముఖ్యంగా కెమెరా ఇంట్లో నలుగురి చేతుల్లో తిరిగేదైతే, పి మోడ్, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ఉన్న సాదా కాంపాక్ట్ సరిపోతుంది. ఎం కోసం ఎక్కువ ఖర్చు పెట్టకండి. ఫోటోగ్రఫీ నేర్చుకోవాలనుకునేవాళ్లు పి, ఎ, ఎస్, ఎం నాలుగూ ఉన్నదే తీసుకోవాలి, కానీ అంగుళం సెన్సర్‌కి తగ్గకుండా చూసుకోవాలి. చిన్న సెన్సర్ మీద అపర్చర్ నేర్చుకోవడం కష్టం, తిప్పినదానికి ఫలితం కనిపించనప్పుడు పాఠం మనసుకెక్కదు. వేదిక కార్యక్రమాలు, ఆటలు, రాత్రి దృశ్యాలు ఎక్కువగా తీసేవాళ్లకి ఎం, ఎస్ తప్పనిసరి.

రెండు కెమెరాల్లో ఒకదానికి మంచి సెన్సర్, లెన్స్ ఉండి మాన్యువల్ తక్కువగా ఉంటే, రెండోదానికి చిన్న సెన్సర్ మీద అన్ని మోడ్‌లూ ఉంటే, మొదటిదే తీసుకోండి. మోడ్‌లు వెలుతురుని పుట్టించలేవు.

మాన్యువల్ ఉందని పెట్టె మీద రాసి ఉంటే సరిపోదు, చేతిలోకి తీసుకుని చూడాలి. కాంపెన్సేషన్ మార్చడానికి ఎన్ని నొక్కులు? ఐఎస్ఓకి? కంటి నుంచి కెమెరా దించకుండా బొటనవేలితో మార్చగలరా? ఒక్క నొక్కు, ఒక తిప్పుతో అయితే వాడతారు. మెనూ, దానిలో ఇంకో మెనూ, బాణం గుర్తులు నాలుగుసార్లు, ఆపై ఓకే అయితే వారం తర్వాత మీరే ఆటోకి తిరిగొస్తారు. 2009లో వచ్చిన కానన్ పవర్‌షాట్ ఎస్90 లెన్స్ చుట్టూ తిప్పే రింగు పెట్టింది. ఐఎస్ఓ, అపర్చర్, షట్టర్ లాంటివాటిలో మనకి కావలసినదాన్ని దానికి అప్పగించుకోవచ్చు. ఎల్ఎక్స్100లో అపర్చర్‌కి లెన్స్ మీద రింగు, షట్టర్‌కి పైన డయల్ ఉన్నాయి, రెండిటి మీదా ఎ అనే స్థానం ఉంది. రెండూ ఎ మీద ఉంటే పి మోడ్, ఒకటి కదిపితే అది మనది, రెండూ కదిపితే ఎం. నిర్ణయాలని ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకోవడమన్న ఆలోచనకి ఇంతకన్నా చక్కటి ఏర్పాటు నాకు తెలియదు. పాత పవర్‌షాట్ ఇంట్లో ఉంటే సీహెచ్‌డీకే అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మీ మోడల్‌కి ఉందేమో చూడండి. మెమరీ కార్డు నుంచి నడుస్తుంది, మాన్యువల్ లేని చాలా మోడళ్లకి షట్టర్ అదుపు, రా ఫైల్ తెచ్చిపెట్టింది.

చివరగా ఒక అలవాటు. ఎంలో తీయడం అయిపోగానే కెమెరా ఆపే ముందు డయల్‌ని పి మీదకి, కాంపెన్సేషన్‌ని సున్నాకి, ఐఎస్ఓని ఆటోకి, ఫోకస్‌ని ఆటోకి తిప్పండి. చాలా కెమెరాలు పాత సెట్టింగులని గుర్తుపెట్టుకుని అలాగే లేస్తాయి, మర్నాడు హడావుడిగా తీసిన మొదటి నాలుగు ఫోటోలు తెల్లగానో నల్లగానో వస్తాయి. డయల్ మీద సి అనే స్థానం ఉంటే మీ వేదిక సెట్టింగుని దాన్లో దాచుకోండి, మళ్లీ మొదటినుంచి సెట్ చేసే పని తప్పుతుంది.